కుక్క మాత్రలు

"సూది వేసి చంపేయండి డాక్టరుగారూ, కంపు భరించలేకపోతున్నాం," అంటూ కాంట్రాక్టరు కుక్కను నా బల్ల మీద పడేశాడు.

దాని పొట్టంతా చీము కారుతోంది. నేనిచ్చిన మందు ఇసుమంతైనా పనిచేయలేదు.

"యాంటీబయాటిక్ మాత్రలు రెండు పూటలా వేస్తున్నావా?"

"పొద్దున దానికి, రాత్రి నాకు." చొక్కా పైకెత్తి, నడుము మీద మానిపోయిన మచ్చ చూపించాడు. "నాకూ ఇలాంటి గడ్డే లేచింది. మనుషుల డాక్టరు దగ్గరికెళ్తే సవాలక్ష పరీక్షలంటాడు కదా!"

"కుక్క నోటి దగ్గర మందు లాక్కుని మింగావా?"

"కుక్కకి సగం చాలదేంటండీ? నాకు శుభ్రంగా మానింది. దీనికే, మందు తిన్న విశ్వాసం కూడా లేదు."

వాడికి తలుపు చూపించాను. కుక్కను మాత్రం ఉంచుకున్నాను.