కొంచెం తగ్గించప్పా

కేశవ తన ఆన్‌లైన్ అంగడిలో ఉగాది ఆఫర్ పెట్టిన కాసేపటికే ఫోన్ మోగింది.

సిరుగుప్ప దగ్గర సొంత మళ్ళలో పండిన సోనా మసూరిని అతను బళ్ళారిలో ఉండి అమ్ముతున్నాడు. అంగడి పేజీ తెరవగానే, వరికంకులు పట్టుకుని మడిలో నవ్వుతూ నిలబడ్డ కూలిమనిషి ఫొటో కనిపిస్తుంది. ఇప్పుడు దానిమీద ఎర్రటి గుండ్రటి బిళ్ళ... ‘పది శాతం తగ్గింపు’.

“అప్పా, బియ్యం అంగడేనా?” ఆడగొంతు.

“అవునక్కా. యాడ నుంచి?”

“సిరుగుప్ప పక్క పల్లె. ఆ ఎర్రది ఉండాది చూడు, దాన్ని స్వల్ప తగ్గించప్పా.”

“పది తగ్గించినా గదక్కా!”

“అదేనప్పా, ఆ పదే. కొంచెం తగ్గించు.”

కేశవ నవ్వుకున్నాడు. బేరమాడని మనిషి ఈ జిల్లాలో పుట్టలేదనుకున్నాడు. ఎలాగూ అమ్మకాలు మందకొడిగా ఉన్నాయి. ఇరవై చేశాడు. అంకె పెరిగాక బిళ్ళ కూడా పెరగాలి కదా. పెంచాడు.

మర్నాడు మళ్ళీ ఆమే.

“ఏందప్పా, తగ్గించమంటే ఎక్కువ చేస్తివి!”

“అది ఎక్కువైతేనే నీకు తగ్గేదక్కా!”

“నాకు తెలీదప్పా. నిన్నే మేలుగా ఉండె.”

“సరే, ముప్పై చేస్తాండా. ఇంక అడగొద్దు.”

“అయ్యో, వద్దప్పా! అది కాదు...”

కేశవ ఫోన్ పెట్టేశాడు.

ముప్పై శాతం బిళ్ళ ఫొటోలో సగాన్ని కప్పేసింది. ఆర్డర్లు పెరిగాయి. దోణిమలై గనుల క్వార్టర్స్ నుంచి కూడా వచ్చాయి. ఆమె మాత్రం ఒక్క సంచీ కొనలేదు. ఫోన్ చేసింది.

“నీకు పుణ్యముంటాదప్పా. ఏమీ లేకుండా చేయి.”

కేశవకు ఒళ్ళు మండింది.

“ఏమీ లేకుండానా? ఊరికే ఇయ్యమంటావా? కొనేదానివి కాదు, పెట్టేదానివి కాదు. మాకేం పనిలేదనుకున్నావా?”



“తప్పైపాయలేప్పా,” అంది ఆమె.

ఆ తర్వాత ఆమె ఫోన్ రాలేదు.

ఆఫర్ ముగిసేనాడు, భోజనాల దగ్గర కేశవ ఈ బేరం సంగతి భార్య అనుపమకు నవ్వుతూ చెప్పాడు. ఆమె నవ్వలేదు.

“ఎన్ని కిలోలు కావాల్నంట?”

“చెప్పలేదు.”

“ఏ రేటుకి అడిగింది?”

“రేటు మాట యాడ ఎత్తింది? తగ్గించు, తగ్గించు... అదే పాట.”

అనుపమ అతని ఫోన్ తీసుకుని ఆ నంబరు కలిపింది.

“అమ్మా, బియ్యం అంగడి నుంచి మాట్లాడతాండా. నీకేం కావాల్నో నాకు చెప్పు.”

వింటూ వింటూ తింటున్న చెయ్యి ఆపేసింది. లేచి చెయ్యి కడుక్కుని, లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఎర్ర బిళ్ళను ఫొటోమీద నుంచి తీసి, పేజీ అడుగున ఖాళీలో చిన్నగా పెట్టింది.

“ఇప్పుడు చూడమ్మా.”

తర్వాత ఫోన్‌లోంచి నవ్వు, కేశవకు కూడా వినబడేంత నవ్వు.

“అగుపడతాంది తల్లీ! బాగా అగుపడతాంది!”

“ఇంక దానిమీద ఏదీ పెట్టం. ఆ ఫొటో పెద్దగా అచ్చేయించి, రేపు మా ఆయనే నీ ఇంటికి తెచ్చిస్తాడు.”

అనుపమ ఫోన్ పెట్టేసింది.

“ఎవరామె?” కేశవ మెల్లగా అడిగాడు.

“పోయిన కోతల్లో ‘నవ్వప్పా’ అని నువ్వు ఫొటో తీసిన ఉరుకుందప్ప పెండ్లాం. ఆయప్ప పోయినాక, ఆయన నవ్వే మొగం ఆమెకి ఆ ఫొటోలో తప్ప ఇంకెక్కడా లేదంట.”