పేరు పెట్టి పిలిస్తే

“అణువూ, ఇటు రా,” అన్నారు మాస్టారు మళ్లీ.

బల్లకింద పడుకున్న గోధుమరంగు కుక్క తల కూడా ఎత్తలేదు.

“చూశారుగా డాక్టరుగారూ,” అంది ఆయన కూతురు. “ఇంట్లోనూ ఇదే వరస. మొన్న గేటు తీసి ఉంటే రోడ్డెక్కింది. గొంతు చించుకుని పిలిచినా వెనక్కి తిరగలేదు. లారీ అతను బ్రేకు వేశాడు కాబట్టి బతికింది.”

నెలకోసారి పేటవాళ్లంతా కలిసి నడిపే ఉచిత పశువైద్య శిబిరం అది. ఆదివారం కనుక బడిలో సైన్సు గది ఇచ్చారు. మాస్టారు తలనెరిసేదాకా పాఠాలు చెప్పిన గది. యాసిడ్ మచ్చలున్న ఆ పొడవాటి బల్లమీద ఇప్పుడు దూది, సూదిమందులు. ఒకనాడు వెనక బెంచీలో కూర్చుని, పాఠం వదిలేసి కిటికీలోంచి పిల్లులను చూసిన పిల్లే నేడు మెడలో స్టెతస్కోపుతో ఎదురుగా నిలబడింది. సుద్దముక్కల వాసన ఇంకా వస్తున్నట్టే అనిపించింది మాస్టారికి. అది ముక్కు పనో, జ్ఞాపకం పనో తేల్చుకోలేకపోయారు.

“ఇంత కుక్కకు అణువేమిటి మాస్టారూ?” అంది డాక్టరు.

“పెట్టినప్పుడు అంతే ఉండేది.”

“చెవుడేమో?”

మాస్టారు గాజు బీరువాలోంచి శ్రుతిదండం తీసి, మోకాలికి తట్టి, కుక్క వెనకగా పట్టుకున్నారు. సన్నని నాదానికి దాని చెవి చటుక్కున అటు తిరిగింది.

“వినికిడి భేషుగ్గా ఉంది. కాబట్టి లోపం చెవిలో కాదు.” ఆయన గొంతు తగ్గింది. “మెదడులో.”

“నాన్న నాకు మాటిచ్చారు,” అంది కూతురు. “దీనికి మతి పోయిందని మీరు తేలిస్తే, ఈ పూటే మీరు నడిపే కుక్కల ఆశ్రయంలో వదిలేస్తామని. పగలంతా నేను ఆఫీసులో ఉంటాను. ఇది రోడ్డెక్కితే దీని వెనకాల ఈయనా పరుగెత్తుతారు.”

“సాక్ష్యం ఎటు చెబితే అటు,” అన్నారు మాస్టారు. వేళ్లు మాత్రం కుక్క మెడపట్టీని వదల్లేదు.

“అమ్మ పోయిన బెంగ అంటున్నారు పక్కింటివాళ్లు.”

“బెంగను కొలిచే పరికరం నేనెక్కడా చూడలేదు.”

“మీకూ దీనికీ బాగా కుదిరిందిలెండి. అన్నానికి రమ్మని నాన్నా, నాన్నా అని నోరు నొప్పెట్టేలా పిలిచినా మీరూ కదలరు.”

“చదువులో పడితే వినపడదు.”

“పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా?”

డాక్టరు నవ్వాపుకుంది. “అమ్మగారు దీన్ని ఏమని పిలిచేవారు మాస్టారూ?”

“పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. వంటింట్లోంచి నన్ను పిలిచేది. నా వెనకాలే ఇదీ తోకాడించుకుంటూ వచ్చేది. నాకు కంచం, దీనికి గిన్నె.”

“సరే, మీరు పట్టీ వదిలేసి దూరంగా కూర్చోండి. ఏ పిలుపుకైనా లేచిందంటే మతి ఉన్నట్టే.”

మాస్టారు వెళ్లి గుమ్మం పక్కనున్న వెనక బెంచీలో కూర్చున్నారు. అల్లరి చేసినవాళ్లను తాను కూర్చోబెట్టే చోటే అది.

డాక్టరు పిలిచింది. కూతురు పిలిచింది. అణువు, బుజ్జి, కన్న, చివరికి బిస్కెట్ అని కూడా. కుక్క ఒకసారి ఆవలించి కళ్లు మూసుకుంది. కూతురు తల వంచుకుని, విప్పి ఉంచిన గొలుసును చేతికి చుట్టుకోసాగింది.

వరండాలో పిల్లి బుట్టతో నిలబడ్డ ఒకావిడ తన భర్తను కేకేసింది. “ఏమండీ, ఒకసారి ఇటు రండి.”

కుక్క దిగ్గున లేచింది. తోక బల్లకాళ్లకు టపటపా కొట్టుకుంటుండగా, బెంచీల మధ్య దారి వెతుక్కుంటూ ఉరికింది.

దాన్నే చూస్తూ డాక్టరు పకపకా నవ్వింది. “మతి దివ్యంగా ఉంది. తన పేరేమిటో దానికి తెలుసు. తెలియనిది మీకే. ఇంటికి తీసుకుపోండి.”

కూతురికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “నాన్నా, విన్నారా?”

ఆమె తిరిగి చూసింది. వెనక బెంచీ ఖాళీగా ఉంది.

కుక్కకంటే ముందే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.