రాయని పేరు

2006లో ఎం.ఏ. థీసిస్‌కు బైండింగ్ చేయించుకుని శశికళ నేరుగా పాతపాళ్యం వచ్చింది. భూములు ఎవరివో చెప్పే పహణీ పత్రాలను సర్కారు కంప్యూటర్లకు ఎక్కించినప్పుడు పల్లెల్లో ఏం జరిగిందన్నదే ఆమె విషయం. అందులో ఒక అధ్యాయమంతా ఆమె పెద్దమ్మ మునిలక్ష్మమ్మ గురించే.

మునిలక్ష్మమ్మ లోపలికి రమ్మనలేదు. "చదువు, వింటా" అంది.

శశికళ వాకిట్లో నిలబడే తెలుగులోకి మార్చి చదివింది. "మొగుడు చనిపోయిన మునిలక్ష్మమ్మ చేను కంప్యూటర్‌లో ఇంకొకరి పేరుకు మారిపోయింది..."

"ఆ ఇంకొకరు ఎవురు?"

"థీసిస్‌లో పేర్లు రాయకూడదు పెద్దమ్మా. అది రూలు."

"నా పేరు రాసినావే! నా చేను పాయె, నీకు డిగ్రీ వచ్చె. నా మరిది, మీ నాయన పేరు మాత్రం దాచినావు. థూ! కోర్టులో కేసేసినా, ఆడ చెప్తావా ఆ పేరు?"

శశికళ థీసిస్ మూసేసింది. "చెప్తా" అంది.

చెప్పింది కూడా. బాగేపల్లి కోర్టులో, నాయన ఎదురుగానే చెప్పింది.

బయటికొచ్చాక వరండాలో నాయన ఆమెకు అడ్డంగా నిలబడినాడు.

"బెంగళూరులో నిన్ను చదివించిన దుడ్డు యాడిదనుకున్నావు? ఆ చేను అమ్మే కదా!"

శశికళ పక్కనే ఉన్న పెద్దమ్మ వైపు తిరగలేకపోయింది.