ఓటమ్మ

ఆట ముగిసిన ఈల ఇంకా చెవుల్లో ఉండగానే ఎవరిదో చెప్పు ఎగిరొచ్చి కోచ్ భుజానికి తగిలింది.

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. తడిగడ్డి మీద కూలబడిన అమ్మాయిలను ఒక్కొక్కరినే లేపి, వీపు తట్టి, బస్సు వైపు నడిపించింది.

ఆ ఊరి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఫైనల్లో ఓడిపోవడం వరసగా ఇది మూడో ఏడు. మూడుసార్లూ కప్పు పట్టుకుపోయింది మహిళా పోలీసుల జట్టే.

విరామం దాకా ఆధిక్యం వీళ్లదే. విరామం కాగానే కోచ్ కెప్టెన్‌ను తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టింది. అక్కడితో ఆట చెయ్యిజారింది.

మూడేళ్ల కిందట ఎక్కడినుంచో వచ్చి చేరిన ఆ కోచ్‌కు ఊరివాళ్లు అప్పటికే పేరు పెట్టేశారు. ఓటమ్మ.

కెప్టెన్ తల్లి దర్జీ. మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచి మైదానానికి వచ్చింది. ఇప్పుడు బస్సు మెట్లకు అడ్డంగా నిలబడింది.

"మా పిల్లని ఎందుకు తీసేశారు?"

"అలిసిపోయింది."

"కన్నదాన్ని, అది అలిసిందో లేదో నాకు తెలీదా? పోయినేడూ ఇదే తంతు. నోటికాడి ముద్ద లాగేస్తున్నారు మీరు."

"ఓడిపోతే ఏమైందమ్మా? మళ్లీ ఆడతారు," అంది కోచ్ మెల్లగా.

"గెలిస్తే శిబిరానికి పిలుపొచ్చేది. అక్కణ్ణుంచి పెద్ద జట్టుకి. దానికి ఊహ తెలిసినప్పట్నుంచీ అదే ధ్యాస."

కప్పు గెలిచిన జట్టు కెప్టెన్‌ను ఆటల సంఘం అధ్యక్షుడు తన అతిథిగృహంలో నడిపే శిబిరానికి పిలుస్తాడు. ఆ శిబిరం పేరెత్తగానే కోచ్ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

దొంగ దొరికిపోయింది అనుకుంది తల్లి.

మర్నాడు క్లబ్బు గదిలో పంచాయితీ పెట్టారు. అందరికంటే ముందు దర్జీ లేచింది.

"జట్టు ఓడితే తప్పు ఆడినవాళ్లది సగం, ఆడించినవాళ్లది సగం అంటారు. ఇక్కడ మాత్రం పదహారణాలూ ఈమెదే."

"ఓడించడంలో ఈమెకి ఓటమి లేదు," అన్నారెవరో వెనక బెంచీ నుంచి. గది గొల్లుమంది.

క్లబ్బు కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "మీరేమైనా చెప్పుకుంటారా మేడమ్?"

"తప్పు నాదే. అమ్మాయిలు బాగానే ఆడారు."

అంతే. ఆమెను తీసేశారు.

గుమ్మం దాటుతూ కోచ్ దర్జీ చెయ్యి పట్టుకుంది.

"ఎప్పుడైనా శిబిరానికి పిలిస్తే పంపకండమ్మా. ఆ అధ్యక్షుడు మంచివాడు కాదు. తప్పదనుకుంటే మీరూ వెంట వెళ్లండి. ఒక్క రాత్రి కూడా దాన్ని ఒంటరిగా వదలొద్దు."

దర్జీ చెయ్యి విదిలించుకుంది. "ఉద్యోగం పోయిందని పెద్దమనుషుల మీద బురద చల్లుతున్నారా? వెళ్లండి మేడమ్."

కొత్త కోచ్ వచ్చాడు. మరుసటి ఏడు ఫైనల్లో కెప్టెన్ ఆట చివరిదాకా మైదానంలోనే ఉంది. కప్పు గెలిచారు.

అధ్యక్షుడే స్వయంగా వచ్చి ఆమె మెడలో పతకం వేశాడు. తలమీద చెయ్యి పెట్టి, "బంగారు తల్లి," అన్నాడు.

తల్లి పమిట చెంగుతో కళ్లొత్తుకుంది.

శిబిరానికి బయల్దేరేముందు కూతురికి కొత్త చొక్కా కుట్టిచ్చింది. తను వెంట వెళ్లలేదు. ఇరవై ఏళ్ల పిల్లను కొంగున కట్టుకు తిరిగితే నలుగురూ నవ్వరా?

శిబిరం ముగియకముందే కూతురు తిరిగొచ్చింది.

ఎవరితోనూ మాట్లాడకుండా స్నానాలగదిలో దూరింది. నీళ్లు పోసుకుంటున్న చప్పుడు ఎంతకీ ఆగలేదు.

బయటికొచ్చాక ముద్ద ముట్టలేదు. తల్లి భుజం మీద చెయ్యి వేస్తే గోడకు నక్కింది.

"ఏమైందే? చెప్పవే నాతో."

"ఆ గదికి లోపల గడియ లేదమ్మా."



తల్లి కాళ్లకు చెప్పులు కూడా లేకుండా కార్యదర్శి ఇంటికి పరుగెత్తింది. ఆయన తలుపు సగమే తీశాడు. విన్నాడు.

"రచ్చకెక్కితే పోయేది మీ పరువే. పిల్ల భవిష్యత్తు చూసుకోండి," అని మళ్లీ మూసేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, ఆ రోజు చెయ్యి పట్టుకుని చెప్పిన మనిషి.

కోచ్ అద్దెకున్నది టైర్ల దుకాణం పైగదిలో. దుకాణం నడిపే ఇల్లాలు కింద కూర్చుని ట్యూబుకు పంక్చరు వేస్తోంది.

"కోచ్ మేడమ్ ఉన్నారా?"

"వెళ్లిపోయి ఏడాదవుతోంది. ఇంకో ఊళ్లో ఆడపిల్లల జట్టు బాగా గెలుస్తోందని విని, అక్కడ చేరింది."

"గెలిచే జట్టు ఈమెనెలా చేర్చుకుంది?"

"ఆమె పాత పతకాలు చూస్తే ఎవరైనా చేర్చుకుంటారు. అసలు ఓడటం ఆమెకి చేతకాదమ్మా. ఇక్కడికొచ్చాకే నేర్చుకుంది."

"ఓడటం నేర్చుకోవడమేంటి?" అంది దర్జీ.

ఇల్లాలు చేతులు తుడుచుకుంది. "పోలీసు జట్టు అమ్మాయిల జోలికి ఆ అధ్యక్షుడు పోడట. కప్పు వాళ్లకి పోతే ఏ పిల్లకీ ప్రమాదం లేదు. వెళ్లే ముందు నాతో చెప్పుకుంది. కేసు పెట్టి చూసిందట, సాక్ష్యం లేదని కొట్టేశారు. పిచ్చిదని తరిమారు."

"వాడి సంగతి ఆమెకెలా తెలుసు?" అడిగింది దర్జీ.

"అంతకుముందు వాళ్ల ఊరికి ఏటేటా కప్పు గెలిచిపెట్టింది ఆమేనమ్మా, ఆఖరి కప్పు గెలిచిన ఏడు, జట్టు కెప్టెన్‌గా ఆ శిబిరానికి వెళ్లి శవమై తిరిగొచ్చింది ఆమె కూతురే."