చెప్పులు విప్పి దిగు

"సెప్పులిప్పి దిగరా! బుద్ధుందా నీకు?"

నూకరత్నం అరుపుకి జీవానందం బురదలోనే ఆగిపోయాడు. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి మూడు నెలలైంది. ఇంత అటవీ ఆఫీసరుని పట్టుకుని 'రా' అన్నది ఈ దీవుల్లో ఈవిడొక్కతే. ఒళ్ళు మండిపోయింది.

"చెప్పులు విప్పడానికి ఇదేమైనా గుడా?"

"గుడి కన్నా ఎక్కువే."

అతను బూట్లు విప్పలేదు.

సిప్పీఘాట్‌లో సముద్రపు పాయ పక్కన పెరిగిన మడ అడవి అది. అలల దెబ్బని కాస్తుంది, చేపపిల్లల్ని పెంచుతుంది. అందుకని దాన్ని నరక్కుండా కాపాడుతున్న పదకొండు ఇళ్ళకీ ఏటా డబ్బివ్వాలని కొత్త పథకం వచ్చింది. షరతు ఒక్కటే. 'ఇది అడవి, దీని మీద మాకు ఏ హక్కూ లేదు' అని అన్ని ఇళ్ళవాళ్ళూ సంతకం పెట్టాలి. పది ఇళ్ళు పెట్టేశాయి. ఇవాళే ఆఖరు రోజు.

నిజం చెప్పాలంటే, ఆ చెట్లను ఈవిడ కాసినట్టు ఇంకెవరూ కాయలేదు. కట్టెలకని కత్తితో వచ్చినవాణ్ణి తెడ్డు పుచ్చుకుని తరుముతుంది. ప్రతి శుక్రవారం పోటు తగ్గి నీళ్ళు వెనక్కి తీయగానే పసుపూ కుంకుమా పట్టుకుని చెట్ల మధ్యకి పోతుంది. ఇవాళ కూడా అరచేతులు పచ్చగానే ఉన్నాయి. 'చెట్లను పూజించే మహిళ' అని జీవానందం రిపోర్టులో ముచ్చటపడి రాసుకున్నాడు కూడా.

"కాపలాకి జీతమిస్తామంటే నీకేం నొప్పమ్మా? పెట్టు సంతకం."

"నా కాపలాకి నువ్వు జీతమిచ్చీదేటి? నాను పెట్టను. ఫో!"

ఒడ్డున నిలబడ్డ సత్యారావుకి ఓపిక చచ్చిపోయింది. పక్కింటివాడే. "మా అందరి నోట్లో మట్టి కొడతన్నావే ముసిలీ! రేపట్నించి నీ సేపల బుట్ట జంగ్లీఘాట్‌ బజారుకి మా ఆటోలో ఎక్కదు!"

"ఎక్కకపోతే మానె. నడిసెల్తాను."

సత్యారావు జీవానందం చెవి దగ్గరికి వచ్చాడు. "పాగల్ హై సాబ్. అడవిలోకి అక్రమంగా సొరబడతందని రాసీండి. ఇంక దీని సంతకంతో పనేటి?"

ఒడ్డున చేరిన మిగతా ఇళ్ళవాళ్ళు నేలచూపులు చూశారు.

జీవానందానికి సలహా తెగ నచ్చింది. అక్కడికక్కడే రాసేశాడు. 'నూకరత్నం, ఆక్రమణదారు. ఇకపై అడవిలో అడుగుపెడితే కేసు.' ఆవిడకి వినపడేలా గట్టిగా చదివాడు. కడుపు చల్లబడింది.

'ప్రవేశం నిషేధం' అన్న ఇనప బోర్డు జీపులోంచి దింపించాడు. అది ఎటు పోతోందో చూసి నూకరత్నం తిట్టడం మానేసింది. మొదటిసారి చేతులు జోడించింది.

"బాబూ, కేసెట్టుకో. జైల్లో ఎట్టుకో. ఆ బోర్డు మటుకు అక్కడ దిగ్గొట్టకు. నీ కాళ్ళట్టుకుంటాను. రెండడుగులు పక్కకెల్లు."

"ఈ మర్యాద ఇందాకేమైంది?"

పంతం కొద్దీ ఆవిడ వద్దన్న చోటే బోర్డు నిలబెట్టించాడు. కూలివాళ్ళనీ నమ్మలేదు. సుత్తి తనే అందుకుని, బూట్లతోనే దిగాడు. తిరిగొస్తున్న నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి. ఒక దెబ్బ. రెండు. మూడో దెబ్బకి అడుగున ఏదో ఫట్టున పగిలింది.

ఒడ్డున నూకరత్నం నెత్తి బాదుకుంటోంది. సత్యారావు ముఖం తిప్పుకున్నాడు.

రాయేమోనని జీవానందం వంగి, నీళ్ళు చేత్తో పక్కకి తోశాడు.

తడి పసుపుతో, కుంకుమ బొట్లతో, నిలువునా చీలి కనిపించింది, ఇరవై ఏళ్ళ కిందట సునామీలో మునిగి మళ్ళీ తేలని నూకరత్నం ఇంటి గడప.