ఎదుటివాళ్ల బాధ

“ఆటిజం ఉన్నవాళ్లకి ఎదుటివాళ్ల బాధ అర్థం కాదండీ,” కుర్చీలో వెనక్కి వాలి మైకులో చెప్పాడు డాక్టరు. అవగాహన సదస్సు కదా, రుజువు కూడా ఉండాలని ఒక పాతికేళ్ల అమ్మాయినీ, ఆమె తల్లినీ వేదిక మీద నిలబెట్టారు.

అమ్మాయి నేలకేసి చూస్తోంది.

“చూశారా? మొహంలోకి చూడదు. అదో లక్షణం.”

సభ బుద్ధిగా తలూపింది.

“అమ్మకి మోకాలు నొప్పిగా ఉంది,” అంది అమ్మాయి ఉన్నట్టుండి. “కుడికాలి మీద బరువు వెయ్యట్లేదు. కుర్చీ కావాలి.”

“మాటకి అడ్డు రావడం! ఇది ఇంకో లక్షణం,” మురిసిపోయాడు డాక్టరు. అడక్కుండానే ఉదాహరణ దొరికినందుకు చప్పట్లు మోగాయి.

“నువ్వూరుకోవే,” అంది తల్లి కంగారుగా. కూతురు ఎక్కడ నోరు తెరిచినా, వెనకే క్షమాపణ చెప్పుకోవడం ఆవిడకి అలవాటైపోయింది. “ఏమీ అనుకోకండి డాక్టరుగారూ, దానికి తెలీదు...”

ఈలోగా కూతురు, ముఖ్య అతిథి కోసం ఖాళీగా ఉంచిన మెత్తటి కుర్చీని ఈడ్చుకొచ్చి తల్లి వెనక వేసింది. “కూర్చో.”

తల్లి కూర్చుని కాలు చాపుకుంది. పొద్దుటి నుంచి పళ్ల బిగువున ఓర్చుకుంటున్న ఆ నొప్పి గురించి తను ఎవరికీ చెప్పలేదన్న సంగతి అప్పుడు తట్టింది. కూతురికి కూడా చెప్పలేదు.

“పర్లేదమ్మా, మేమేమీ అనుకోం,” అన్నాడు డాక్టరు ఉదారంగా.

“మీరు అనుకోరు సరే,” అంది తల్లి. “నేను అనుకుంటున్నానండీ. మీ గురించే.”