అటక మీదికి లిఫ్టు

"వదిలేయమంటావా బావా? చేతులు కోసుకుపోతున్నాయి!"

"వదలకు! అవతల ఇసుక డబ్బా ఇంకా కట్టలేదు."

బావమరిది పళ్ళు బిగించి తాడు పట్టుకున్నాడు. పైన దూలానికి బిగించిన కప్పీ కిర్రుమంది. నిచ్చెన మీద నిలబడిన గడియారాలాయన తాడు రెండో కొసకి ఎదురు బరువుగా ఇసుక డబ్బా కట్టి, ముడి మీద ముడి వేసి, ఇంకో ముడి కూడా వేశాడు.

వీధిలో అందరికీ ఆయన గడియారాలాయనే. దుకాణంలో పగలంతా కంటికి అద్దం పెట్టుకుని, చీమ తలకాయంత మరలు బిగించే మనిషి. ఇంత పెద్ద మరలు పట్టడం ఇదే మొదలు.

"ఓ మోటారు పెట్టేస్తే మీట నొక్కితే పోయేది కదా! బావిలో నీళ్ళు తోడినట్టు ఈ చాకిరీ ఎందుకు?" అన్నాడు బావమరిది చేతులు ఊదుకుంటూ.

"సగం దూరంలో కరెంటు పోతే? మీ అక్క మళ్ళీ నిచ్చెనెక్కుతుంది."

బావమరిది మళ్ళీ తాడు అందుకున్నాడు.

గడియారాలాయన భార్య గోడవారన కుర్చీలో కూర్చుని యూనిఫారాలకి గుండీలు కుడుతోంది. కుర్చీకి చేతికర్ర ఆనించి ఉంది. స్కూళ్ళకి యూనిఫారాలు కుట్టి, సీజను అయిపోగానే మిగిలినవి పెట్టెల్లో సర్ది అటక మీద పెట్టడం ఆవిడకి ఏటా ఉన్న పనే. ఈసారి మాత్రం పెట్టెతో సహా నిచ్చెన మీదనుంచి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయింది. నడుస్తోంది కానీ, ఆ కాలు ఇక పాత కాలు కాదని డాక్టరు తేల్చేశాడు.

పక్కింటి పంతులమ్మ తొంగిచూసి, చెక్క పలకనీ, దానికి అటూ ఇటూ నిలబెట్టిన ఇనప పట్టాలనీ చూసి బుగ్గలు నొక్కుకుంది.

"పెళ్ళానికి కష్టం లేకుండా లిఫ్టు కట్టే మొగుణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. నువ్వు పెట్టి పుట్టావు వదినా!"

గడియారాలాయన చేతిలోంచి పానా జారి ఠంగుమని నేల మీద పడింది. దాన్ని తీసుకోవడానికని నిచ్చెన దిగి వంగిన మనిషి ఎంతసేపటికీ తలెత్తలేదు.

"అసలు ఆ రోజు అన్నయ్యగారు ఇంట్లో లేరా?"

"ఎందుకు లేరూ! ఈ హాల్లోనే మంచం మీద పడుకున్నారు," అంది ఆవిడ నవ్వుతూ. "నిచ్చెన పట్టుకోండని కేకలేశాను. కుంభకర్ణుడి తమ్ముడాయె, చెవి దగ్గర నగారా మోగించినా లేవరు. సరేలే పాపం అని నేనే ఎక్కాను."

పంతులమ్మ పకపకా నవ్వింది. బావమరిదీ నవ్వాడు. ఆసుపత్రి మంచం మీద మొదలుపెట్టి, పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆవిడ ఇదే చెప్పింది. విన్న ప్రతివాళ్ళూ నవ్వారు. గడియారాలాయనకి మాత్రం ప్రతిసారీ చెంప మీద కొట్టినట్టే ఉంటుంది.

"అవును, ఆ మంచం ఏది బావా?"

"ఇచ్చేశాను."

"మరి మధ్యాహ్నం కునుకు?"

"మానేశాను."

"చోద్యం! నిద్రలో ఉన్న మనిషిది తప్పేమిటి అన్నయ్యగారూ? మీరు మరీను!" అంది పంతులమ్మ జాలిగా.

ఆ జాలి తిట్టు కన్నా ఘోరంగా తగిలింది. ఆయన గోడవైపు తిరిగి, బిగించిన మరనే మళ్ళీ బిగించాడు.

పెట్టె పలక మీద పెట్టారు. బావమరిది తాడు లాగాడు. సగం దూరం సాఫీగానే వెళ్ళింది. అంతలో ముడులన్నీ జారి, ఇసుక డబ్బా దబ్బున నేలకి కొట్టుకుంది. పంతులమ్మ కెవ్వుమంది. పెట్టె జానెడు కిందికి జారి, టక్కుమని ఆగిపోయింది. గోడకి బిగించిన పళ్ళచక్రంలో కొక్కెం పడింది. తాడు వదిలేసినా పలక పడిపోకుండా ఆయన పెట్టిన కట్టుదిట్టం అది.

"భలే పట్టుకుంది బావా!" అని అరిచాడు బావమరిది.

గడియారాలాయనకి ఆ మాట వినపడలేదు. పరుగున వెళ్ళి పెట్టె కింద రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు.

"పక్కకి తప్పుకోండి! నెత్తిన పడితే?" అంది ఆవిడ.

"పడనీ. నా మీదే పడనీ."

ఈసారి ముడులు లేవు. తాడు చివర ఇనప కొక్కేలు బిగించాడు. పెట్టె పైకి వెళ్ళి, కిందికి వచ్చి, మళ్ళీ వెళ్ళింది. పంతులమ్మ మెచ్చుకుంటూ వెళ్ళిపోయింది. బావమరిది నిచ్చెనని భుజానికెత్తుకున్నాడు. తన ఇంటికి పట్టుకుపొమ్మని బావే చెప్పాడు.

ఇల్లు సద్దుమణిగింది. ఆవిడ కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఒక్క చేత్తో తాడు లాగింది. బరువైన పెట్టె దూదిపింజెలా లేచింది.

"మీరు పనులు అటకెక్కిస్తారు గానీ పెట్టెలు ఎక్కించరని దెప్పేదాన్ని. ఇవాళ్టితో ఆ మాట చెల్లు," అంది. తరవాత మెల్లిగా, "ఏమం..."

"ఆఁ!"

"పిలవడం పూర్తి కాకుండానే పలుకుతున్నారు ఈమధ్య."

ఆయన నేల మీద చిందిన ఇసుకని పోగుచేయసాగాడు.

"ఆ మంచం వెనక్కి తెప్పించండి. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చండి. చిక్కి సగమయ్యారు. మిమ్మల్ని మీరు శిక్షించుకున్నది చాలు."

"మొద్దునిద్ర పోయినవాడికి ఆమాత్రం శిక్ష ఉండాలి," అన్నాడు.

ఆవిడ తాడుని మేకుకి చుట్టి, ఆయన దగ్గరగా వచ్చి, చొక్కా మీది ఇసుక దులిపింది.

"ఆ రోజు మీరు నిద్రపోలేదని నాకు తెలుసు."